కత్తి పట్టిన రాణి

పోయిన ఆదివారం మా మనవరాలు తన ఫోను నా ముందు పెట్టింది. తెర మీద ఒక రాణి, మబ్బుల ముందు సింహాసనం మీద పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో కత్తి నిటారుగా పట్టుకుని, రెండో చెయ్యి ఎవరినో రమ్మన్నట్టు చాచి ఉంది. జోస్యం చెప్పే టారో పేకలో ముక్కట. ఈమె దుఃఖం చూసిన స్త్రీ, బహుశా వితంతువు, తెలివీ పదునే, మాటా పదునే, దగ్గరకు రానిచ్చే ముందు ఆలోచించుకోండి అని కింద రాసి ఉంది. విజయనగరంలో తనతో ఉద్యోగం చేసే స్నేహితురాలితో కలిసి బట్టల కొట్టు పెట్టాలని మా పిల్ల కలలు కంటోంది. ఆ స్నేహితురాలి భర్త నిరుడు పోయాడు. “తాతా, ఇది తనే కదా?” అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు.

మా అమ్మ పుట్టిల్లు సముద్రపు ఒడ్డున ఉన్న భావనపాడు. పడవ మీద వెళ్లి వేసి ఒడ్డు నుంచి లాగే పెద్దవలలు ఒకదాని తరవాత ఒకటి వెయ్యాలి కనక, వంతుల కోసం పొద్దున్నే పాత పేకలోని బొమ్మ ముక్కలు ఇసకలో బోర్లించి తలా ఒకటి తీసేవారు. ఎవరు పెట్టిన ఆచారమో గాని, ఇస్పేటు రాణి వచ్చినవాడిది ఆఖరి వంతు. ఆ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటి గాలి లేచేది, అలలు ఒడ్డునే విరిగేవి, చేపా తక్కువ పడేది. అంతకు మించి ఆ ముక్కలో ఏమీ లేదు. కాని నష్టం తెచ్చే ముక్క కొన్నాళ్లకు చెడ్డ ముక్కయింది, దాని మీద ఉన్నది ఆడదాని బొమ్మ కనక చెడ్డ ఆడదయింది. ఇక ఆ ఆడదానికి ఒక మొహం కావలసి వచ్చింది.

మా పిన్ని చిన్నతనంలోనే జ్వరంతో భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరి, గంప నెత్తికెత్తుకుని చేపలు అమ్మేది. బేరంలో ఆమె నోటికి ఎవరూ నిలిచేవారు కాదు. వరసకు బావ అయ్యే ఒకాయన సరదాకి ఇస్పేటు రాణీ అని పిలిస్తే, “రాణిననీసి ఒప్పుకున్నావు గదా బావా, మరి దండమెట్టు” అన్నది. ఒడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నరసన్నపేటలో కొత్తగా మేష్టరుగా చేరి, సెలవులకు వచ్చి ఉన్నానప్పుడు.

ఆ సెలవుల్లోనే ఒక ఆఖరి వంతు పడవ అలల్లో బోల్తా పడి ఒక కుర్రవాడు తిరిగి రాలేదు. మర్నాడు పిన్ని ఎప్పటిలా గంపతో ఒడ్డుకు వచ్చింది. పడవ లాగుతున్న మగాళ్లు ఆమెను చూడగానే తాళ్లు వదిలేసి ఇసకలో కూర్చున్నారు. గాలి గురించి, వంతుల గురించి నేను సభలో మాట్లాడినట్టే గొంతెత్తి మాట్లాడాను. మర్యాదగా విన్నారు, తాడు మాత్రం ముట్టలేదు. చివరికి మా తాతే లేచి, పడవలన్నీ వెళ్లేదాకా ఇంట్లోనే ఉండమ్మా అని నేల చూస్తూ చెప్పాడు.

“నానా, ఆ ముక్కలో నా మొకం కనిపించినాదేటి నీకు?”

తాత పడవ వైపు తిరిగి తాడు అందుకున్నాడు. పిన్ని ఇంటికి వెళ్లి తలుపు వేసుకుంది. తలుపు వేసుకున్నాక కూడా ఆ ముక్క రోజూ ఎవరో ఒకరికి వస్తూనే ఉంది, అది మాత్రం ఎవరి కంటికీ ఆనలేదు. మంచి చేపంతా అమ్ముడుపోయాక ఒడ్డుకు వచ్చే మనిషికి ఏం మిగులుతుంది? కొన్నాళ్లకు నెల్లిమర్ల జూటు మిల్లు పనికి వెళ్లిపోయింది. బతికినన్నాళ్లూ మళ్లీ సముద్రం చూడలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఊరికే చూసేను తాతా అని నవ్వేసి ఫోను బోర్లించింది. ఉప్పునీటికి మెత్తబడిన ఆ పాత ముక్కకు ఒక మనిషిని వెలివెయ్యాలంటే ఒడ్డంతా కూడవలసి వచ్చేది. వాళ్ల మొహాలు నాకు ఎదురుగా కనిపించేవి, వాదించడానికి మనిషంటూ ఒకడు ఉండేవాడు. ఇప్పుడు ఒక్క అరచెయ్యి చాలు. మేం మాట్లాడుకుంటూ ఉండగానే బల్ల మీద ఆ ఫోను మోగింది. మా పిల్ల తిప్పి ఆ స్నేహితురాలి పేరు చూసింది, మళ్లీ బోర్లించింది. అది మోగి మోగి ఆగిపోయేదాకా ఇద్దరం కూర్చునే ఉన్నాం.