తిత్తి పిగిలిన సాయంత్రం

1996లో ఉయ్యూరులో ఇంటర్ చదువుతున్నాను. మా నాన్న వీధి భాగవతంలో తిత్తి పట్టేవారు. మేకతోలు సంచిలోకి గాలి ఊదుతూ, పాటగాడికి ఆగకుండా శ్రుతి ఇవ్వడమే ఆయన పని.

ఓ సాయంత్రం ఆట మధ్యలో తిత్తి పిగిలి తుస్సుమంది. పాట ఆగిపోయింది. జనం ఈలలు వేశారు, నా క్లాసు పిల్లలతో సహా. సిగ్గుతో తల దించుకున్నాను. అంతలో నా పక్కనున్న అమ్మ, పెదాలు కదపకుండా "మ్‌..." అంటూ అదే శ్రుతి పట్టింది! ఏళ్ల తరబడి ఇంట్లో విన్న శ్రుతి కదా. పాటగాడు వెంటనే అందుకున్నాడు.

"ఇలా వచ్చి కూర్చోవే" అన్నారు నాన్న.

మర్నాడే తిత్తికి అతుకు పడింది. అయినా ఆటకు బయల్దేరేటప్పుడు నాన్న అమ్మనీ రమ్మనేవారు.

"తిత్తి బాగానే ఉందిగా, నేనెందుకండీ?"

"మళ్లీ పిగిలితేనో?"

అది మళ్లీ ఎప్పుడూ పిగల్లేదు. అమ్మ ఒక్క ఆటా మానలేదు.