వాళ్లిద్దరి జాంబీల బడి

మా చెల్లెలు మా ఇంట్లో ఉన్న రోజుల్లో నేను ఆమెను చూసి ఎంత కుళ్లుకున్నానో ఆమెకు తెలియదు. చెప్పినా నమ్మదు. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. అమ్మ పత్తి ఏరడానికి పోతే చంకనేసుకుని తిప్పింది నేనే. పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే. అట్లాంటి పిల్ల మీద, అదీ నా కన్నబిడ్డ విషయంలో, నాకు కడుపుమంట పుడుతుందని ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

మేముండేది చిట్యాలలో. మా ఆయనకు హైవే మీద టైర్ల దుకాణం. పొద్దున పోతే దీపాలు పెట్టాకే ఇల్లు చేరతాడు. నేను పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మాకు ఒక్కతే బిడ్డ, అప్పుడు ఎనిమిదో తరగతి. కరోనా కాలంలో చెల్లెలు హైదరాబాద్‌లో చదువుకునే కోచింగ్ సెంటర్ మూతపడింది. గురుకులం ఉద్యోగాలకు ఇంట్లోనే కూర్చుని చదువుకుందామంటే, మహబూబ్‌నగర్ దిక్కున మా అమ్మగారి ఊళ్లో నెట్ సరిగా రాదు. అందుకని నేనే పిలిచాను. "మా ఇంట్ల ఉండు, పిల్లకు గూడ తోడుంటవ్" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

బళ్లు తెరిచాక ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే లోపలి గదిలోంచి నవ్వులు వినిపించాయి. పోయి చూస్తే ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, మోకాళ్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. తెర మీద బొమ్మల పిల్లలు, ఇంతింత కళ్లు, బడి బట్టలు. నల్లబల్ల చుట్టూ రంగు కాగితాలు అంటిస్తున్నారు. రెండు జడల పిల్ల ఒకతి మిగతా వాళ్లకు డ్యాన్స్ నేర్పుతోంది.

"ఏందది?" అన్నాను.

"యానిమే అమ్మా."

"జపానోళ్ల బొమ్మల సీరియల్ అక్క" అంది చెల్లెలు. "బడిల యాన్యువల్ డే చేస్తున్నరు."

పోనీలే, బడి గురించే కదా అనుకుని టీ పెట్టడానికి పోయాను. మూడు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆ జడల పిల్ల నవ్వుతూ కిటికీ తెర పక్కకు లాగుతోంది. బయట మైదానం నిండా పిల్లలు. అవే బట్టలు, కానీ ముఖాలు కుళ్లిపోయి ఉన్నాయి. కాళ్లీడ్చుకుంటూ తిరుగుతున్నారు.

"గివేందివే?" అన్నాను.

"జాంబీలమ్మా" అంది నా బిడ్డ, ఉప్మాలో కరివేపాకు ఉందన్నంత మామూలుగా.

చెల్లెలు కథ చెప్పింది. ఊరంతా చచ్చి, లేచి తిరుగుతోందట. ఈ నలుగురు పిల్లలు బడి తలుపులు మూసుకుని లోపలే బతుకుతున్నారట. వాళ్లలో చిన్నదాని గుండె చెదరకూడదని అందరూ రోజూ వార్షికోత్సవానికి తయారవుతుంటారట.

"మరి యాన్యువల్ డేకు ఎవరొస్తరు?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చిన్నగా నవ్వుకున్నారు. నేను అడిగింది తప్పేమీ కాదు. ఆ ప్రశ్న వాళ్లు ఎప్పుడో వేసుకుని ఉంటారు, దాని మీద చాలా మాట్లాడుకుని ఉంటారు. నా చేతిలో టీ పళ్లెం ఉంది. ఆ గదిలో నా పని అదొక్కటే అనిపించింది.

అప్పటినుంచి ప్రతిదీ నాకు కనిపించడం మొదలైంది. పొద్దున నా ముందు కూర్చుని జడ వేయించుకుంటూ బడి ముచ్చట్లన్నీ చెప్పే పిల్ల ఇప్పుడు చిన్నమ్మ దగ్గర కూర్చుంటోంది. ఆ బొమ్మల పిల్లకున్నట్టే రెండు జడలు, పైకి కట్టి. ఒకరోజు ఎండలో ఆటో దిగి కాళ్లీడ్చుకుంటూ నేను గేటు తీస్తుంటే అరుగు మీద ఇద్దరూ గుసగుసలాడి నవ్వాపుకున్నారు. "ఏమైంది?" అంటే "ఏం లేదమ్మా" అంది. నాకు అర్థమైంది. నా నడకకు నవ్వారు. ఇంకెవరైనా అయితే నేనూ నవ్వేదాన్నేమో.

అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. ఒకరోజు కూరగాయలు తరుగుతూ చెల్లెలు, "పాపం, దోస్తులు మాట్లాడ్తలేరని ఒక్కతే కూసొని తింటాంది గద పిల్ల, జర టీచర్‌తోని మాట్లాడరాదు" అంది.

"ఏ దోస్తులు?"

"నీకు చెప్పలేదా అక్క?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. అదే నన్ను ఎక్కువ కోసింది. నా బిడ్డ మధ్యాహ్నం ఒంటరిగా డబ్బా తెరుచుకుని కూర్చుంటున్న సంగతి, ఊరి పిల్లలందరికీ అన్నం పెట్టించి వచ్చే నాకు తెలియదు.

ఆరోజు మా ఆయనతో, "గా దయ్యాల సీరియల్ బంద్ చేయించాలె. పిల్లకు పీడకలలొస్తయి" అన్నాను.

"పిల్ల మంచిగనే నిద్రపోతాంది" అన్నాడు ఆయన. "నీకే నిద్ర పడ్తలేదు. గంత ఫికరెందుకు నీకు?"

బంద్ చేయించలేదు. ఇంకో ఉపాయం ఆలోచించాను. ఆ సీరియల్‌కు ముందు అదే కథ బొమ్మల పుస్తకంగా వచ్చిందని, మాంగా అంటారని, హైదరాబాద్‌లో ఉన్నప్పుడే మొత్తం చదివేశానని చెల్లెలు ఒకసారి అంది. నాకూ పంపమన్నాను. సంబరపడిపోయి ఫోన్‌లో పంపింది. "నువ్వు చదువుతవా అక్క? మస్తుంటది."

బళ్లో మధ్యాహ్నం పిల్లలు పళ్లేలు కడుగుతుంటే వరండాలో కూర్చుని చదివేదాన్ని. ఇంగ్లీషు చదవగలను కానీ, ఆ పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలని నాకెవరూ చెప్పలేదు. చాలా పేజీలు ఎడమ నుంచి కుడికే చదివాను. జవాబు ముందు, ప్రశ్న తర్వాత. ఈ పిల్లలు ఇట్లా ఎందుకు మాట్లాడుకుంటున్నారా అని తల పట్టుకున్నాను. దారి తెలిశాక మాత్రం వదల్లేకపోయాను. డ్యాన్స్ బట్టల కోసం జడల పిల్ల కింది కొట్టుగదికి పోతుంది. అక్కడ జాంబీలు ఆమెను కరుస్తాయి. పైకి వస్తే మిగతా వాళ్లకు ప్రమాదమని లోపలి నుంచి గడియ పెట్టుకుని, తలుపు అవతల ఏడ్చే వాళ్లకు డ్యాన్స్ అడుగులు గట్టిగా చెబుతూ ఉంటుంది, గొంతు మారిపోయే దాకా. అది చదివి కొంగు కళ్లకు అద్దుకున్నాను. వంట చేసే ఆమె చూసి, "పొగ గిట్ల తగిలిందా మేడం?" అంది. అవునన్నాను.

ఏడుపుతో పాటు సంతోషం కూడా కలిగింది. ఇది నా బిడ్డకు ఇంకా తెలియదు, నాకు తెలుసు.

ఆదివారం ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాను. చెల్లెలు జరిగి జాగా ఇచ్చింది. జడల పిల్ల మెట్లు దిగడం మొదలుపెట్టింది. నేనిక ఆగలేకపోయాను.

"గిప్పుడు సూడు, కొట్టుగదిల కరుస్తయి దీన్ని. ఇగ బతకది."

బిడ్డ లాప్‌టాప్ ఆపేసింది. అరవలేదు. "ఎందుకు చెప్పినవమ్మా?" అంది. "చిన్నమ్మకు మొత్తం తెల్సు. ఇన్ని రోజులల్ల ఒక్క ముక్క గూడ చెప్పలే."

కాసేపటికి మళ్లీ పెట్టింది. జడల పిల్ల కొట్టుగదిలోకి పోయింది, బట్టల మూట ఎత్తుకుంది, క్షేమంగా పైకి వచ్చేసింది. ఆమెను వెతుక్కుంటూ కిందికి దిగిన పిల్లను, నలుగురిలో పెద్దదాన్ని, కరిచాయి. నేను చెప్పిందీ తప్పే.

"పుస్తకంల వేరే ఉంటది అక్క" అంది చెల్లెలు మెల్లగా. "సీరియల్ తీసేటోళ్లు మార్చిండ్రు. నాకు గూడ తెల్వదు గిట్ల మారుస్తరని."

నన్ను వెనకేసుకొస్తోంది. ఆమె నా మీద జాలిపడడం నేను తట్టుకోలేకపోయాను. పొయ్యి మీద పప్పు ఉందని లేచి వచ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు.

తర్వాత చెల్లెలికి ఉద్యోగం వచ్చింది. అచ్చంపేటలో ఆడపిల్లల గురుకులం, అక్కడే ఉండాలి. వీధంతా మిఠాయి పంచాను. అందరూ చెల్లెలంటే ఎంత ప్రేమ అన్నారు. ప్రేమ ఉంది, అబద్ధం కాదు. ఆమె వెళ్లిపోతోందన్న సంబరం కూడా అంతే ఉంది.

బస్సెక్కించి వచ్చాక బిడ్డ లాప్‌టాప్ మూసి బీరువా మీద పెట్టేసింది. ఇంకా ఆఖరి భాగం మిగిలి ఉంది. అయిపోతుందని ఇద్దరూ దాచుకున్నారట. "మనిద్దరం చూద్దామా?" అన్నాను. "ఒద్దమ్మా" అంది. జడ వేస్తుంటే, "చిన్నమ్మ లెక్క గట్టిగ రాదు నీకు" అంది. నేను ఇంకొంచెం గట్టిగా లాగాను.

కొన్ని వారాల తర్వాత చెల్లెలికి ఒక ఆదివారం తీరిక దొరికింది. వీడియో కాల్‌లో కలిసి చూద్దామనుకున్నారు. అడవి పక్క ఊరు, అక్కడ నెట్ అంతంత మాత్రం, ఆమె అక్కడ విడిగా సీరియల్ పెట్టుకుంటే ఆగిపోతోంది. అందుకని ఫోన్‌ను తెరకు ఎదురుగా పట్టుకునే పని నాకు పడింది.

"జర కుడికి అక్క."

"అమ్మా, కదపకు."

చేతులు లాగుతున్నా పట్టుకున్నాను. తెర మీద మిగిలిన ముగ్గురు పిల్లలు ఖాళీ కుర్చీలు వరుసగా వేసి, వాటి ముందు నాట్యం చేశారు. నేను ఈసారి నోరు మెదపలేదు. బిడ్డ ఏడుస్తూ ఫోన్ దగ్గరికి జరిగింది. "చిన్నమ్మా, సూసినవా?" అనేలోపు సిగ్నల్ పోయింది. తన తల నా భుజానికి ఆనింది. ఫోన్ కోసం జరిగిందో, నా కోసమో. అట్లాగే ఉండిపోయింది.

"నువ్వు సదివిన పుస్తకంల గూడ గిట్లనే అయితదా?" అంది.

"కాదు, వేరే."

"ఎట్లయితది? చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు మాటలు చెప్పానో లేదో ఫోన్ మోగింది. తీసుకుని అరుగు మీదికి ఉరికింది. మళ్లీ నవ్వులు. గోడ చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి వచ్చి, "చిన్నమ్మ నీతోని మాట్లాడతదట" అని ఫోన్ ఇచ్చింది.

"పుస్తకం కథ చెప్తున్నవట గద అక్క" అంది చెల్లెలు. "నేను చెప్తనంటే ఎన్నడూ ఒద్దనేది. సప్పుడు చెయ్యకు చిన్నమ్మా అనేది." పక్కన ఎవరినో పొమ్మని మళ్లీ అందుకుంది. "నిన్నయితే చెప్పమని అడిగిందట."

వెనక హాస్టల్ పిల్లల గోల వినిపిస్తోంది. ఆమె గొంతు మామూలుగానే ఉన్నట్టుంది కానీ మామూలుగా లేదు. ఆ గొంతు ఎట్లా వస్తుందో, ఆమె మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అట్లాగే మాట్లాడిన నాకు బాగా తెలుసు. ముందు నాకు సంతోషమే కలిగింది, దాచడమెందుకు. జాలి ఆ తర్వాత వచ్చింది.

"తిన్నవా?" అని అడిగాను.

"ఇంకా లేదక్క" అంది.