తెల్లాపూర్ గేటు బయట ఇరవై ఐదు నిమిషాలు

ఈ సాయంత్రం 4:40కి తెల్లాపూర్‌లోని ఒక గేటెడ్ కమ్యూనిటీలో, పద్దెనిమిదో అంతస్తులో ఒక పెద్దావిడ కన్నుమూశారు. నుదుట పవిత్ర తైలం పూసి చేసే చివరి ప్రార్థన కోసం ఆమె పిలిపించిన మా చర్చి ఫాదర్ (విచారణ గురువు) అప్పటికి ఇరవై ఐదు నిమిషాలుగా గేటు బయటే ఉన్నారు. ఆయన్ను బండి మీద తీసుకెళ్లింది నేనే.

లోపలికి వెళ్లాలంటే ఇంటివాళ్లు ఫోన్‌లో యాప్ తెరిచి అనుమతించాలి. ఆ యాప్ అల్లుడి ఫోన్‌లో ఉంది, ఆయన ఆఫీసులో మీటింగులో ఉన్నారు. కూతురు తల్లి పక్కనుంచి కదల్లేదు, మేం చేసిన ఫోన్లేవీ ఎత్తలేదు.

"అప్రూవల్ రాకుంటే పంపనీకి లేదు సార్. గిట్లనే పంపి మా దోస్తు కొలువు పోగొట్టుకుండు" అన్నాడు గార్డు.

నేను వాదించాను, విలేకరినని ప్రెస్ కార్డు కూడా చూపించాను. ఫాదర్ వాదించలేదు. ఆమె ఉండే టవర్ ఏదో అడిగి, డెలివరీ బండ్ల మధ్య అటు తిరిగి మోకరించి జపమాల తీశారు.

"గింత దూరంకెళ్లి ఆమెకు ఇనపడ్తదా ఫాదర్?" అన్నాడు గార్డు.

"వినాల్సింది ఆమె కాదు నాయనా."

గార్డు టోపీ తీశాడు. నేను జపం చేసి ఏళ్లయింది. చేయడానికి మరేమీ లేక నేనూ గొంతు కలిపాను.

అనుమతి 4:52కి వచ్చింది.

అంబులెన్సును ఏ గేటూ ఆపదు. ఇలా చివరి ప్రార్థనకు వచ్చేవాళ్ల సంగతేమిటో మీ కమ్యూనిటీలో కనుక్కుని కింద కామెంట్లలో రాయండి. ప్రెస్ కార్డు పనిచేయదని మాత్రం నేను చెప్పగలను.

రేపు ఉదయం పది గంటలకు మా చర్చిలో ఆమె అంత్యక్రియల పూజ. డ్యూటీ మార్చుకుని వస్తానని గార్డు చెప్పాడు.