అరచేతి మీది నీళ్లు

గోడాదరా బస్తీలో మా పక్కగది అత్తకు చేపల తొట్టి ఉండేది. నాకూ కావాలంటే పాతసామాన్ల దుకాణంలో ఓ గాజుతొట్టి ఇప్పించి, తన తొట్టిలోని మొక్కల కొమ్మలే తుంచి ఇచ్చింది. మట్టి మీద ఇసుక పరిచి నాటాం. నేను చెంబుతో నీళ్లు గుమ్మరించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్ల పోస్తే చెట్లు లేస్తయి బిడ్డా. జర నా చేతి మీద పొయ్యి."

"చేపలెప్పుడు అత్తా?"

"ముందు చెట్లు కుదురుకోనీ."

అవి కుదురుకునేలోపే నాకు మూడోనెల కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అత్తే తలస్నానం చేయించింది. చెంబు నీళ్లు నేరుగా నెత్తిన పోయలేదు. తన అరచేతి మీద పోసుకుంటూ, అక్కడి నుంచి మెల్లగా నా మీదికి జార్చింది.

ఇప్పటికీ తొట్టిలో నీళ్లు మార్చేటప్పుడు నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్తుంది.