రెండు బస్తాల రాళ్లు

మా పెదనాన్న చేపపిల్లల్ని పెంచే షెడ్డులో పంతొమ్మిదేళ్లు పనిచేశాడు. చేపల్ని మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఆయన పని రాళ్లతో. పన్నెండు తొట్ల నీళ్లూ ఒక పెద్ద సిమెంటు గుంటలోకి వచ్చి, అందులో పరిచిన గులకరాళ్ల మధ్య నుంచి పారి, మళ్లీ తొట్లలోకి వెళ్లేవి. ఎప్పుడూ అవే నీళ్లు తిరుగుతుంటాయి. ఆ గుంటను చూసుకునేది ఆయనే. షెడ్డులో అందరికీ ఆయన రాళ్లాయన.

రాళ్ల మీద గోధుమరంగు జిగురు ఉండేది. కొత్తగా చేరినవాడెవడైనా "ఛీ, పాచి" అంటే పెదనాన్నకు ఎక్కడలేని కోపం వచ్చేది. "పాచి నీ పళ్లకుంది. వీళ్లు నా పనివాళ్లు" అనేవాడు. పొద్దున రాగానే ఒక రాయి తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తొలివానకు తడిసిన మట్టి వాసన వస్తే ఆ రోజుకి నిశ్చింత.

ఆ జిగురు ఏమిటో నాకు పాత పేపర్ల కొట్టులో దొరికిన అట్టలేని జీవశాస్త్రం పుస్తకం చెప్పింది. చేపల మొప్పల నుంచి అమ్మోనియా నీళ్లలో కలుస్తుంది. అది చేపలకే విషం. మనం తిన్న తిండిని పీల్చిన గాలితో కలిపి ఒంట్లో మెల్లగా కాల్చుకుని బతుకుతాం కదా, రాళ్ల మీది బ్యాక్టీరియా తిండికి బదులు అమ్మోనియాను కాలుస్తుంది. దానిలోని ఎలక్ట్రాన్లను లాగి ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఆ అందింపులో పుట్టే శక్తే దాని బతుకు. అలా మిగిలే నైట్రైటూ విషమే. దాన్ని మరో రకం బ్యాక్టీరియా కాల్చి, చేపలు తట్టుకోగలిగిన నైట్రేటుగా మారుస్తుంది. ఇంత చాకిరీకి వాటికి దక్కే శక్తి పిసరంత. అందుకే అవి నత్తనడకన పెరుగుతాయి. కొత్త గుంటలో కుదురుకోవాలంటే నెల పైనే పడుతుంది.

ఇదంతా చదివి వినిపిస్తే పెదనాన్న శ్రద్ధగా విన్నాడు.

"అంటే వీళ్లకి గాలి ఆగకూడదన్నమాట."

"ఆగితే ఊపిరాడక చస్తాయి."

"అది నాకు తెలుసులేరా. జీతం అడుగుతారని ఎక్కడైనా రాశాడా?"

"లేదు పెదనాన్నా."

"అయితే మంచి పుస్తకమే."

ఆరేళ్ల క్రితం ఆయన అల్లుడు, మా బావ, ఆయన కిందే పని నేర్చుకుని పక్క రోడ్డులో సొంత షెడ్డు పెట్టాడు. పెదనాన్న యజమానిని అడిగి, తన గుంటలోంచి రెండు బస్తాల రాళ్లు తడిగోనె చుట్టి ఇచ్చాడు. పాలలో తోడు వేసినట్టు బావ గుంటలో వాటిని కలిపారు. నెల పట్టాల్సింది వారంలో దారికొచ్చింది.

ఈ ఏడు పెదనాన్న పన్ను పీకించుకోవడానికి ఒక్కరోజు సెలవు పెట్టాడు. మర్నాడు కొనుగోలుదారులు షెడ్డు చూడటానికి వస్తారని మేనేజరు నలుగురిని పెట్టి రాళ్లన్నీ బ్లీచింగ్ పౌడరుతో తోమించాడు. సాయంత్రం బుగ్గ వాచిన మొహంతో పెదనాన్న వెళ్లేసరికి ఎదురొచ్చి, "ముత్యాల్లా మెరుస్తున్నాయి చూడండి!" అన్నాడు.

పెదనాన్న గుంట గట్టు మీద కూలబడ్డాడు. బ్యాక్టీరియా ఒక్కటీ మిగల్లేదు. కొనుగోలుదారుల్ని నాలుగు రోజులు ఆగమని చెప్పించి, బావకు ఫోన్ చేశాడు.

"అయ్యో, రాళ్లకేం భాగ్యం మామయ్యా! మీరిచ్చినవేగా. రేపు సాయంత్రం రండి, మంచివి ఏరించి ఉంచుతా."

మర్నాడు నా వ్యానులో వెళ్లాం. అప్పటికే తొట్లలో చేపపిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. గేటు దగ్గర రెండు బస్తాలు సిద్ధంగా ఉన్నాయి. నీళ్లు కారుతున్నాయి. పెదనాన్న కూతురు, మా అక్క, వరండాలో నిలబడి ఉంది.

"ఏం బావమరిదీ, పుస్తకాలు అరిగాయా, టైర్లు అరిగాయా?" అన్నాడు బావ.

పెదనాన్న బస్తాలో చేయి పెట్టి ఒక రాయి తీశాడు. వాసన చూశాడు. గోటితో గీకాడు. గోటి కింద పొడిలాంటి పెచ్చు నిలిచింది. తలెత్తి అక్క వైపు చూశాడు.

"నాన్నా, కాస్త టీ తాగి వెళ్లండి."

"చేపలు ఆగవమ్మా" అని, బావ వైపు తిరిగి, "బాగున్నాయి బాబూ" అన్నాడు.

మలుపు దాటాక చెప్పాడు. "చచ్చిన రాళ్లురా. రోజంతా ఎండబెట్టి, ఇందాకే నీళ్లు చల్లాడు."

నేను బ్రేకు వేశాను. "వెనక్కి తిప్పుతా."

"తిప్పితే దూకేస్తా. అమ్మాయి ముందు ఆ మాట అంటే రేపటి నుంచి అది ఆ ఇంట్లో ఎవరి మొహం చూస్తుంది? పోనీ, బండి పోనీ."

ఆ రాళ్లనే అందరి ముందూ గుంటలో పోశాడు. ఆ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా అలాంటి గుంట లేదు. నాలుగు రోజులు గొట్టం పట్టుకుని నీళ్లు మారుస్తూనే ఉన్నాడు. చచ్చి తేలిన చేపపిల్లలతో పన్నెండు తొట్లూ వరసగా తెల్లబడ్డాయి. కొనుగోలుదారులు ముక్కులు మూసుకుని, అటునుంచి అటే బావ షెడ్డుకి వెళ్లారు. బేరం అక్కడే కుదిరింది.

"తోమితే మురికి పోతుంది కానీ చేపలు చస్తాయా?" అన్నాడు మేనేజరు. యజమాని తల ఊపాడు. "నీ అల్లుడు బతికున్న రాళ్లు పంపించాడు. అవీ నీ చేతిలో చచ్చాయి. ఇక ఇంటిపట్టున ఉండు."

షెడ్డులో, వీధిలో, మా ఇంట్లో కూడా ఒకటే మాట: అల్లుడంటే అలా ఉండాలి. మా అమ్మ అయితే నన్ను చూపించి మరీ అంది. అన్నం కలుపుకుంటూ విన్నాను. నాకు బావ మీద ఉన్న కోపం ఒకెత్తు, నా నోరు కట్టేసిన ఈ పెద్దమనిషి మీద ఉన్నది ఒకెత్తు.

పెదనాన్న షెడ్డు వదిలి వచ్చేటప్పుడు ఒక గంప రాళ్లు, బతికిన నాలుగు చేపలు తెచ్చుకుని పెరట్లో తొట్టెలో వేశాడు. చిన్న గాలి మోటారు పెట్టాడు. రోజూ సగం నీళ్లు మార్చేవాడు, రాయి తీసి వాసన చూసి మళ్లీ వేసేవాడు.

రెండు నెలలకు అక్క వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. తొట్టె పక్కన కూర్చుని ఒక రాయి తీసింది.

"అబ్బ, వాన వాసన! నేను ఎండబెట్టినప్పుడు ఇలా లేదే."

"నువ్వా?" అన్నాను.

"నేను కాక ఎవరు? మీ బావ చెప్పారు, నాన్నకిచ్చేవి కంపు కొట్టకూడదని. రోజంతా మేడ మీద నేనే తిరగేశాను. అరచేతులు కాలాయనుకో. బాగా ఆరాయా నాన్నా?"

నేను నోరు తెరిచాను. పెదనాన్న తల ఎత్తలేదు. నీళ్లలోకి చూస్తూనే తన కాలు నా పాదం మీద వేసి గట్టిగా తొక్కిపెట్టాడు.

"బాగా ఆరాయమ్మా" అన్నాడు.