ఆ మాట అనకూడదు

ఆమదాలవలసలో మాది బియ్యం కొట్టు. బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టకుండా, పైగింజలు చూసి సరుకు కొన్న పాపాన నేనెన్నడూ పోలేదు. మనుషుల్ని కూడా అలాగే చూస్తానని మా ఆవిడ దెప్పుతుంది. దెప్పనీ.

అందుకే ఆ రోజు విజయనగరం వెళ్లే పాసింజరు బండిలో, ఎదురుగా కూర్చున్నావిడ తాను సైన్యంలో ఆఫీసర్నని, హిమాలయాల మీద శిఖరాలు ఎక్కానని అనగానే నా చెయ్యి సంచీ మీదికి పోయింది. నలభై దాటిన మనిషి. కత్తిరించిన జుట్టు, ఎండకి పొరలు లేచిన ముక్కు, ఉక్కపోతలో కూడా బూట్లు. సైన్యంలో ఉద్యోగాలిప్పిస్తామని మా వైపు కుర్రాళ్లకి టోపీ పెట్టేవాళ్లు తక్కువా? పైగా సొంతూరు గరివిడి అంటుంది, మాట చూస్తే రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంది. ఎవరు నమ్ముతారు?

నా పక్కన మా అమ్మాయి. ఒక్కతే కూతురు, ఎచ్చెర్లలో చదువుతోంది. కొండలెక్కే శిక్షణకి ఎంపికైంది. ఎక్కడో ఉత్తరాదికి వెళ్లాలి. నేను ఔననలేదు, కాదనలేదు. "సూద్దాం లే" అంటూ నెట్టుకొస్తున్నాను. భయం, అంతే. ఇంకో కారణం లేదు. ఇప్పుడు ఈవిడ దొరికేసరికి దాని కళ్లు చేటలంతయ్యాయి.

"మేడమ్, మీరు మొదట ఏ కొండెక్కినారు?"

"ఆ మాట అనొద్దని ఎన్నిసార్లు సెప్పాలే నీకు!" అని కసిరాను.

మేం దీపం ఆరిపోయింది అనం. అలా అంటే అశుభం. కొండెక్కింది అంటాం. అలాంటిది కన్నకూతురు కొండెక్కుతానంటే ఏ తండ్రి చెవికి ఇంపుగా ఉంటుంది?

ఆవిడ పకపకా నవ్వింది. మొదటిసారి ఆవిడ కొండల మీదికి వెళ్లినప్పుడు ఇరుగుపొరుగు అడిగితే, వాళ్ల మామ్మ "మా మనవరాలు కొండెక్కీసినాదమ్మా" అందట. సాయంత్రానికి వీధి వీధంతా ఏడుస్తూ ఇంటి మీదికొచ్చిందట.

"పొరపాటని తర్వాత అందరికీ తెలిసింది, ఒక్కావిడకి తప్ప. నేను సెలవుకి వచ్చినప్పుడు నన్ను చూసి ఆవిడ గుమ్మంలోనే కూలబడిపోయిందండీ."

నాకూ నవ్వొచ్చింది, మింగేశాను. నవ్వించి బుట్టలో వేసేవాళ్లని ఎంతమందిని చూళ్లేదు!

"అక్కడ మనుషులు పోరేటండి?" అని సూటిగా అడిగాను. ఇక్కడ అబద్ధమాడుతుంది, దొరికిపోతుంది అనుకున్నాను.

ఆవిడ నవ్వు ఆపింది. "పోతారు. మా జట్టులో ఒకతను పోయాడు. ఇద్దరం ఒకే తాడుకి కట్టుకుని ఉన్నాం. శిఖరం ఎదురుగా కనిపిస్తూనే ఉంది. మిగిలినవాళ్లని తీసుకుని దిగిపోయాను. ఎక్కడానికి మొండితనం చాలండీ. ఎక్కడ వెనక్కి తిరగాలో నేర్చుకోవాలి. మీ అమ్మాయి వెళ్తే ముందు అది నేర్చుకోమనండి."

ఇన్నేళ్ల వ్యాపారంలో, సరుకులో పురుగుందని అడగ్గానే ఒప్పుకున్న దళారీని నేను చూడలేదు. సంచీ మీంచి చెయ్యి తీశాను. అయినా అనుమానం పూర్తిగా వదల్లేదు. గరివిడిలో నిజంగా దిగుతుందో లేదో చూద్దామనుకున్నాను.

గరివిడిలో బండి ఆగింది. ప్లాట్‌ఫాం మీద ఒక ముసలావిడ, ఈవిడ ఇంకా బండి మెట్టు మీద ఉండగానే కేకేసింది. "దిగీసినావేటే!"

"దిగీసినానే అమ్మా!" అంది ఆఫీసరమ్మ. ఆ వార్తల తెలుగు ఎటు పోయిందో!

ముసలావిడ కూతురి మొహం తడిమి, మంచుకి ఏ వేలైనా పోయిందేమోనన్నట్టు చేతివేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసుకుంది. అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాకే నవ్వింది.

బండి కదిలింది. "ఎల్లు" అన్నాను మా అమ్మాయితో.

"ఎక్కడికి నాన్నా?"

"నీకు తెలీదేటి!"

అది వెళ్లిన తర్వాత ఒక పొద్దున్న, బియ్యానికొచ్చిన వరసైన మనిషి "అమ్మి అగుపడ్డం లేదేటి బావా?" అని అడిగాడు.

"కొండెక్కడానికెల్లినాది" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "ఏటి బావా ఆ మాట!"

"దిగినాక ఫోన్ సేస్తాది" అన్నాను గట్టిగా, నాకే వినపడాలని. ఫోను కాటా పక్కన పెట్టుకుని తూచడం మొదలెట్టాను. ఆ వేళ ఎవరికి ఎంత తూచానో నాకే తెలీదు.