ఊడ్చిన నేల మీద రెండు పడకలు

ఈ ప్రయాణానికి కారణం క్రిస్మస్ రోజున మా అత్తమ్మ ఇంట్లో, అందరి ముందు, నా తోడల్లుడు ప్రభాకర్ నా గురించి అన్న మాట.

"రత్నం అన్నకు జిప్పు పెట్టుకుంటెనే నిద్రొస్తది. టెంటు దొరక్కపోతె బీరువల పండుకోబెట్టుర్రి."

బిర్యానీ ప్లేట్లు పట్టుకుని అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. దాన్ని నేను మరిచిపోలేదు.

సంగతి ఇది. ఈస్టర్ తెల్లవారుజాము ప్రార్థన ఏటా మా చర్చి ఆవరణలోనే జరుగుతుంది. ఈసారి మా బంధువుల కుటుంబాలన్నీ నల్లమల అంచున ఒక మామిడితోటలో శనివారం రాత్రి ఉండి, పక్కనే ఉన్న రాతిగుట్ట మీద సూర్యోదయం చూస్తూ పాటలు పాడుకోవాలని అత్తమ్మ కోరిక. తోట ఆమెతో కలిసి పనిచేసి రిటైరైన ఒక మాస్టారుది. అక్కడ ఉన్నది ఒకే గది. మిగతావాళ్లందరూ ఆరుబయటే పడుకోవాలి. ఆ చుట్టుపక్కల ఎలుగుబంట్లు తిరుగుతాయని మాస్టారే ఫోనులో చెప్పారు. నేను టెంట్లు వేసుకుందామన్నాను. ప్రభాకర్ హ్యామక్‌లు, అంటే చెట్ల మధ్య కట్టే గుడ్డ ఊయలలు, కావాలన్నాడు. నేల మీద లేని మనిషిని ఎలుగు ముట్టదట. ఎక్కడ విన్నాడో చెప్పడు. మా పాప మెర్సీకి తొమ్మిదేళ్లు. తను కూడా అక్కడే పడుకోవాలి కాబట్టి నాకు ఇది మాటకు మాట సంగతి కాదు.

అత్తమ్మ తీర్పు చెప్పింది. "ముందుగాల మీరిద్దరు పోయి ఒక రాత్రి పండుకొని రాండ్రి బిడ్డా. ఎవరు మంచిగ పండుకుంటె వాళ్ల మాటనే."

వెళ్లే ముందు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్య తిరిగి, అడవిలో మకాం గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. అట్ట మీద మంచులో నిలబడిన ఎలుగుబంటి. నల్ల ఎలుగు వస్తే ఎదురు తిరగాలని, గోధుమరంగు ఎలుగు వస్తే చచ్చినట్టు పడుకోవాలని అందులో ఉంది. మన ఎలుగు నల్లగానే ఉంటుంది. కానీ పుస్తకంలోని నల్ల ఎలుగు వేరే దేశానిది. మరి మనదాని ముందు ఏం చేయాలో ఎక్కడా లేదు. ఒక్కటి మాత్రం స్పష్టంగా ఉంది: తిండి సంచిని పడకకు దూరంగా చెట్టుకు వేలాడదీయాలి. టెంటు అక్కడికి దగ్గరలోనే ఒక దుకాణంలో తీసుకున్నాను. ఎలుగుబంటి వస్తే ఆగుతుందా అని అడిగితే, "వానకు ఆగుతది సార్, ఎలుగును మేం టెస్ట్ చెయ్యలే" అన్నాడు దుకాణదారు, పక్కవాడికి కన్ను కొడుతూ. ఆ దుకాణానికి మళ్లీ వెళ్లను.

శనివారం ఉదయం ఆరున్నరకు నాంపల్లిలో ఆటో ఎక్కాం. బస్టాండు దగ్గరే అనుకుంటాం కానీ, ఉస్మాన్‌గంజ్‌లో మూటలు దింపే లారీల వెనుక చిక్కుకుంటే అది దూరమైపోతుంది. వెళ్లదలచిన వాళ్లు ఇంకా ముందే బయలుదేరండి. శ్రీశైలం బస్సు అందింది. సీట్లు మాత్రం చివరి వరసలో దొరికాయి. ప్రభాకర్ కిటికీ పక్కన కూర్చున్నాడు, నన్ను అడగకుండానే. అతని ఊయల అరచేతిలో పట్టేంత సంచిలో ఉంది. నా టెంటు ఒళ్లో పెట్టుకుంటే ముందు సీటుకు తగులుతోంది.

కడ్తాల్ దాటాక, ముందు సీట్లోని పెద్దాయన వెనక్కి తిరిగి నా సంచిని తట్టాడు. "ఏంది గిది, షామియానానా?"

టెంటని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

"గుడ్డెలుగుకు టెంటెందుకు? ఉరికి చెట్టెక్కితె అయిపాయె."

ప్రభాకర్ మోచేత్తో నన్ను పొడిచాడు. కానీ పెద్దాయన పక్కనున్న ఆమె ఊరుకోలేదు. "నీ మొకం. గుడ్డెలుగు చెట్టెక్కదా? తేనె కోసం నీకంటె జల్ది ఎక్కుతది."

"మరి మంటేసుకోవాలె."

"మంటేస్తె ఫారెస్టోళ్లు పట్టుకపోతరు నిన్ను."

టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టర్ కూడా ఆగాడు. గట్టిగా మాట్లాడుతూ ఉంటే రాదని అతను చెప్పాడు. అసలు చప్పుడు చేయొద్దని పెద్దాయన అన్నాడు. నేను బస్సెక్కేటప్పుడు నాకు తెలిసినది కల్వకుర్తి చేరేసరికి సగమైంది. అక్కడ బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాం. చట్నీ పుల్లగా ఉంది. చెబితే హోటలాయన "ఎండకాలం కద సార్" అన్నాడు, ఎండాకాలాన్ని నేనే తెచ్చినట్టు.

డిండి దాటి, మన్ననూరుకు కొంచెం ముందు దిగి, షేర్ ఆటోలో తోట చేరేసరికి ఒంటిగంట అయింది. మాస్టారు జ్వరంతో గదిలో దుప్పటి కప్పుకుని ఉన్నారు. మాకు జొన్నరొట్టె, పప్పు పెట్టించారు. "తోటంత మీదే. ఏడ మంచిగనిపిస్తె ఆడ పండుకోన్రి" అని అటు తిరిగి పడుకున్నారు. ఆ మాట కూడా నేను మరిచిపోను.

సాయంత్రం దాకా చోటు కోసం తిరిగాం. మామిడిచెట్ల కింద ఎండుటాకులు మోకాలిలోతు ఉన్నాయి. తేళ్లుంటాయని నా భయం. కొమ్మలు మరీ కిందికి ఉన్నాయని, ఊయలకు పనికిరావని ప్రభాకర్ బాధ. చివరికి గుట్టకు పోయే దారి పక్కన, తోట అంచులో, రెండు పెద్ద చెట్లు కనిపించాయి. వాటి కింద నేల చూసి ఇద్దరం ఆగిపోయాం. ఒక్క ఆకు లేదు, ముల్లు లేదు, రాయి లేదు. అంచుల్లో చెత్త కాల్చిన నల్లటి మచ్చ. పండగకు వాకిలి ఊడ్చినట్టుంది.

"మాస్టారు మన కోసమే ఊడిపిచ్చినట్టున్నడు అన్నా."

"జ్వరంల గూడ మంచి పని చేసిండు" అన్నాను నేను.

క్రిస్మస్ తర్వాత మేమిద్దరం ఒప్పుకున్న మొదటి సంగతి అదే. అతను రెండు చెట్ల మధ్య నడుమెత్తున ఊయల కట్టుకున్నాడు. నేను దాని పక్కనే టెంటు వేసుకున్నాను. పుస్తకంలో చెప్పినట్టు అత్తమ్మ ఇచ్చిన గవ్వలు, అరటిపళ్లు, మిగిలిన రొట్టెలు అన్నీ సంచిలో కట్టి, చాలా దూరాన ఒక మామిడికొమ్మకు వేలాడదీశాను. ప్రభాకర్ దానికీ నవ్వాడు. ప్రార్థన చేసుకుని పడుకున్నాం. నేను జిప్పు పూర్తిగా వేసుకున్నాను. ఉక్కగా ఉంది. అయినా వెంటనే నిద్ర పట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

తూరుపు ఇంకా తెల్లబడలేదు. టెంటు మీద చినుకులు పడుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. టప్, టప్ అని, ఆగి ఆగి, ఒక్కొక్కటే. వాన వాసన లేదు. ఏదో తియ్యటి, కొంచెం పులిసిన వాసన. ఏమిటో అర్థం కాలేదు. కాసేపటికి ఊయల వైపు నుంచి మరో చప్పుడు మొదలైంది. ఎవరో సాసర్‌లో చాయ్ పోసుకుని జుర్రుతున్నట్టు, మధ్యమధ్య గట్టిగా ముక్కు చీదినట్టు.

ప్రభాకర్ నన్ను భయపెడుతున్నాడని అర్థమైంది. మర్నాడు అత్తమ్మ ముందు చెప్పి నవ్వించడానికి. కాసేపు ఓర్చుకున్నాను. జుర్రడం నా టెంటు గుడ్డ దాకా వచ్చింది. గుడ్డ లోపలికి ఒత్తుకుంది.

ఇక ఆగలేదు. "ప్రభాకర్! సిగ్గుండాలె నీకు. క్రిస్మస్ నాడు అందరి ముందర బీరువ అన్నవ్, పడ్డ. మేన్‌కోడలి పెండ్లిల నా కుర్చీల నువ్వు కూసున్నవ్, పడ్డ. ఇప్పుడు ఈడిదాంక వచ్చి గూడ నీ ఎక్కిరింతలేనా? చెప్పుతోని కొడ్త లే ఆడికెల్లి!" ఇంకా చాలా అన్నాను. ఆరేళ్ల నుంచి దాచినవన్నీ అన్నాను.

బయట జుర్రడం ఆగింది. తర్వాత ఉఫ్‌ఫుమని ఊపిరి, బరువుగా ఏదో పరుగెత్తిన చప్పుడు, పొదలు విరిగిన చప్పుడు. ప్రభాకర్ అంత బరువుండడు.

జిప్పు తీశాను. మసక వెలుతురులో ప్రభాకర్ ఊయలలోనే ఉన్నాడు. చెట్టుకు వేలాడే మూటలా ముడుచుకుని, కళ్లు మాత్రం తెరిచి.

"పోయిందా అన్నా?" అన్నాడు. "నా నడుము కిందనే తిన్నది. వీపుకు దాని బొచ్చు తాకింది. అరిస్తె మీదికొస్తదని ఊపిరి గూడ తీయలే. నువ్వేమో దాన్ని నా పేరుతోని తిడ్తున్నవ్."

నేల నిండా లేత పసుపు రంగు పూలు. ఇంకా రాలుతూనే ఉన్నాయి. నా టెంటు మీద పడిన చినుకులు అవే. మధ్యలో నేల అక్కడక్కడ నాకినట్టు ఖాళీగా ఉంది.

ప్రభాకర్‌ను పట్టుకుని దింపుతుండగా గుట్ట దారిలో మాటలు వినిపించాయి. బుట్టలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అత్తాకోడళ్లని తర్వాత తెలిసింది. అత్త మమ్మల్ని చూసి బుట్ట కింద పెట్టి, నడుము మీద చేతులు వేసుకుంది.

"ఎవర్రా మీరు? ఇప్పపూల కోసం మేం ఊడ్సుకున్న జాగల పండుకున్నరేంది?"

అప్పుడు తెలిసింది. అవి ఇప్పచెట్లు. తెల్లవారుజామున రాలే పువ్వు మట్టి, ఆకు తగలకుండా ఏరుకోవడానికి వాళ్లు ప్రతి ఏడూ ఆ చెట్ల కింద ఊడ్చి శుభ్రం చేసుకుంటారు. ఎలుగుకూ ఆ పువ్వే ఇష్టం. తిండి సంచిని దూరంగా కట్టి, మేము దాని పళ్లెంలో పడుకున్నాం.

"ఎలుగొచ్చింది" అన్నాను.

"రాదా మరి? అది సగం తిన్నది, మీరు సగం నలగ్గొట్టిన్రు. మాకేం మిగిలింది?"

మాస్టారే ఎక్కడైనా పడుకొమ్మన్నారని ఫిర్యాదు చేయబోయాను. ఆమె వినలేదు. అయినా ఇంతదూరం వచ్చినందుకు అడగాల్సింది అడిగాను. ఇక్కడ పడుకోవాలంటే టెంటు మంచిదా, ఊయల మంచిదా?

ఆమె కోడలి వైపు చూసింది. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీకు ఇల్లు లేదా బిడ్డా?" అంది అత్త.

ఇంతలో కోడలు టెంటు పైగుడ్డ మీద పడిన పూలు తీసి చూసింది. "అత్తా, గీ గుడ్డ మీద పడ్డయి మట్టి గూడ అంటలే." ఇద్దరూ గుడ్డను వేళ్లతో తడిమి చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను దాన్ని విప్పి, పూలతో సహా వాళ్లకిచ్చేశాను. వాళ్ల జాగా ఆక్రమించింది మేమే కదా. నా జాగాలో ఎవరైనా కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

పదింటికి బస్సు దొరికింది. ఈసారి కిటికీ పక్కన సీటు ప్రభాకర్ నాకే వదిలాడు. దూరాన కొమ్మకు కట్టిన సంచి ఎవరూ ముట్టకుండా అలాగే ఉంటే, వచ్చేటప్పుడు విప్పి తెచ్చాను. గవ్వలు తీసి ఇస్తే అతను తినలేదు.

డిండి దగ్గర అత్తమ్మ ఫోను చేసింది.

"ఏమాయె బిడ్డా? ఎవరు మంచిగ పండుకున్నరు?"

క్రిస్మస్ నుంచి నేను ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. ఫోను చెవి నుంచి పక్కకు తీసి ప్రభాకర్ వైపు చూశాను. అతనికి వినిపించింది.

"చెప్పు అన్నా" అన్నాడు. "నువ్వే పండుకున్నవ్. నేను ఒప్పుకుంట. ఎవరడిగినా చెప్త."

నేను నిద్రపోయిన మాట నిజం. అత్తమ్మ నియమం ప్రకారం గెలుపు నాదే. టెంటులో ఉంటే ఏం జరుగుతోందో తెలియదు. ఊయలలో ఉంటే అంతా తెలుస్తుంది, చేయగలిగింది లేదు. ఏది మంచిదో నాకు అప్పుడూ తెలియలేదు, ఇది రాస్తున్నప్పుడూ తెలియదు. ఒక్కటే తెలుసు. ఆ జుర్రుతున్న చప్పుడు వింటే మెర్సీ నాలాగా తిట్టదు. ఏమిటో చూద్దామని జిప్పు తీస్తుంది.

"ఇద్దరం పండుకోలే అత్తమ్మా" అన్నాను. "పిల్లలను తీస్కపోవద్దు. ఈస్టర్ మన చర్చిలనే చేసుకుందాం."

"గంతగనం భయపడ్డరా, ఇద్దరు మొగోళ్లు?"

"ఔ."

ఆమె ఫోను పక్కకు తిప్పి ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పింది. వెనుక నవ్వులు వినిపించాయి. అందులో నా భార్య నవ్వు వేరుగా తెలిసింది. దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నాను.

కల్వకుర్తి వస్తుండగా ప్రభాకర్ చేయి చాపి, "గవ్వలున్నయా అన్నా?" అన్నాడు. సంచి మొత్తం ఇచ్చేశాను.